విశ్వవిద్యాలయ విద్యార్థులు, తిండి, మనసు: విశాఖపట్నంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రుషికొండ కళాశాలల వరకు, సబ్బవరంలోని న్యాయ విశ్వవిద్యాలయం నుంచి ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల వరకు విశాఖపట్నంలో చదువుకొంటున్న యువతీయువకుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం, హాస్టల్ వార్డెన్ల కోసం ఈ ప్రశ్నోత్తరాలు రాశాము. తిండికీ మనసుకూ మధ్య తలెత్తే చిక్కుల గురించి మన ఇళ్ళలో మాట్లాడుకోవడం తక్కువ. మాట్లాడినా ఆ మాట అందం మీదికో, పెళ్ళి మీదికో, క్రమశిక్షణ మీదికో మళ్ళిపోతుంది. ఇందులో ఎక్కడా శరీర బరువుల అంకెలు గాని, కేలరీల లెక్కలు గాని ఇవ్వలేదు. ఈ ఇబ్బందిలో ఉన్నవారు అటువంటి అంకెలను తమకు తాము పోటీగా పెట్టుకొనే ప్రమాదం ఉన్నందువల్ల వాటిని కావాలనే వదిలిపెట్టాము.

తిండి విషయంలో ఎక్కువ తక్కువలు అందరికీ ఉంటాయి కదా, దానిని రుగ్మత అని ఎప్పుడు అనాలి?

పరీక్షల వారంలో ఒక పూట తప్పడం, పెళ్ళి భోజనంలో కడుపు పట్టనంత తినడం, నచ్చని కూరను పక్కకు నెట్టడం రుగ్మతలు కావు. తిండి గురించిన ఆలోచనే రోజులో ఎక్కువ భాగాన్ని తినేస్తున్నప్పుడు, ముద్ద మింగిన ప్రతిసారీ తప్పు చేసిన భావం వెంటాడుతున్నప్పుడు, నలుగురితో కలిసి భోంచేయవలసిన సందర్భాలను తప్పించుకోవడానికి సాకులు వెతుక్కొంటున్నప్పుడు, తిన్నదానికి శిక్షగా పస్తు ఉండడమో, ఒళ్ళు హూనమయ్యేలా వ్యాయామం చేయడమో, వాంతి చేసుకోవడమో జరుగుతున్నప్పుడు వైద్యుడిని కలవవలసిన సమయం వచ్చిందని గ్రహించాలి.

వైద్యశాస్త్రం వీటిలో ముఖ్యంగా మూడింటిని వేరు చేసి చెబుతుంది. బరువు పెరుగుతామన్న తీవ్రమైన భయంతో ఆహారాన్ని విపరీతంగా తగ్గించుకోవడం, ఎంత చిక్కిపోయినా ఇంకా లావుగానే ఉన్నామని నమ్మడం అనోరెక్సియా నెర్వోసా లక్షణాలు. అదుపు తప్పి తినడం, ఆ వెంటనే వాంతులతోనో విరేచనాల మందులతోనో పస్తులతోనో దానిని సరిచేయాలని చూడడం బులీమియా నెర్వోసా లక్షణాలు. దీనిని 1979లో బ్రిటన్‌కు చెందిన మనోవైద్యుడు జెరాల్డ్ రస్సెల్ వర్ణించారు. ఇక అదుపు తప్పి తినడం ఉండి, తరువాత ఆ సరిచేసే ప్రయత్నాలు లేకపోతే దానిని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథంలోనే దీనికి ప్రత్యేక రుగ్మతగా స్థానం దక్కింది. వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలపాటు ఇలా జరగడం ఈ చివరి రెండింటికీ ప్రమాణం. అయితే ఈ కొలతలకు సరిగ్గా అందని విద్యార్థులు కూడా ఎంతో బాధపడుతుంటారు. కొలత నిండేదాకా ఎదురు చూడమని ఏ వైద్యుడూ చెప్పడు.

నన్ను నేను పరీక్షించుకోవడానికి ఏదైనా మార్గం ఉందా?

1999లో బ్రిటన్ వైద్యులు కొందరు ఐదు ప్రశ్నలతో ఒక చిన్న పరీక్షను రూపొందించారు. కడుపు నిండిన ఇబ్బంది భరించలేక వాంతి చేసుకొంటున్నారా, ఎంత తింటున్నారో తమ అదుపులో లేదన్న దిగులు ఉందా, గడచిన మూడు నెలల్లో బరువు బాగా తగ్గారా, ఇతరులు సన్నగా ఉన్నారన్నా తమకు మాత్రం లావుగా ఉన్నామనే అనిపిస్తున్నదా, తిండే తమ జీవితాన్ని ఏలుతున్నదని అనిపిస్తున్నదా అన్నవి ఆ ప్రశ్నల సారాంశం. రెండింటికి అవునన్న జవాబు వస్తే వైద్యుడిని కలవడం మంచిది. ఇది నిర్ధారణ కాదు, తలుపు తట్టడానికి ఒక కారణం మాత్రమే.

నేను సన్నగా ఏమీ లేను. నాకు కూడా ఈ సమస్య ఉండవచ్చా?

ఉండవచ్చు. బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవారిలో చాలామంది చూడడానికి మామూలు బరువుతోనో, అంతకంటే ఎక్కువ బరువుతోనో ఉంటారు. మనిషిని చూసి ఈ రుగ్మతను కొలవలేము.

చదువుకొనే వయసులోనే ఇవి ఎందుకు మొదలవుతాయి?

పదమూడు పద్నాలుగేళ్ళ నుంచి ఇరవై అయిదేళ్ళ లోపు మొదలయ్యే రుగ్మతలుగానే ఇవి ప్రపంచమంతటా కనిపిస్తున్నాయి. వంశపారంపర్యంగా వచ్చే స్వభావం, ఆందోళన, ప్రతిదీ లోపం లేకుండా ఉండాలన్న పట్టుదల, శరీరం మీద ఎదుర్కొన్న ఎగతాళి, బాల్యంలో పడిన గాయాలు, డైటింగ్ మొదలుపెట్టడం వంటి కారణాలు కలిసి పనిచేస్తాయే తప్ప ఏ ఒక్కటీ ఒంటరిగా దీనిని తెచ్చిపెట్టదు.

మన నగరంలో దీనికి తోడయ్యే పరిస్థితులు కొన్ని ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు ఇల్లు విడిచి ఉండడం ఇదే మొదటిసారి కావచ్చు. అంతవరకు అమ్మ పిలిచి వడ్డించిన అన్నం, ఇప్పుడు ఎవరూ పిలవని మెస్‌లో, గంట మోగే వేళకు వెళ్ళి తెచ్చుకోవలసిన అన్నమవుతుంది. ఉదయం ల్యాబ్ ఉంటే టిఫిన్ పోతుంది, సాయంత్రం ప్రాజెక్టు ఉంటే భోజనం ఆలస్యమవుతుంది, పదకొండు గంటల రాత్రి ఫోన్‌లో ఆర్డరు పెట్టిన బిరియానీయే ఆ రోజంతటికీ సరైన తిండి అవుతుంది. దానికి తోడు బీచ్ రోడ్డులో తీయించుకొన్న ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు నడుమును, దవడను యాప్‌లతో సన్నబరచుకొనే అలవాటు ఒకటి పెరిగింది. అద్దంలో కనిపించే మనిషికీ, ఆ ఫొటోలోని మనిషికీ తేడా పెరిగేకొద్దీ పళ్ళెంలో అన్నం తగ్గుతుంది. ఇది ఆ పిల్లల అహంకారమని కొందరు పెద్దలు తేల్చేస్తుంటారు. అది అన్యాయమైన తీర్పు అని మా అభిప్రాయం.

మనసు బాగోలేక తిండి మానేస్తున్నానా, తిండి మానేయడం వల్ల మనసు పాడైందా?

విద్యార్థులు అడిగే ప్రశ్నలలో ఇది అన్నిటికంటే ముఖ్యమైనదని భావించి కొంచెం వివరంగా చెబుతున్నాము.

రెండూ నిజమే. డిప్రెషన్ వచ్చినవారిలో ఆకలి చచ్చిపోవడమో, లేక దిగులును తిండితో కప్పుకోవాలని చూడడమో తరచుగా కనిపిస్తుంది. ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి గొంతు దిగదు, కడుపులో తిప్పుతుంది. కాని ఇందులో రెండో సగాన్ని మనం పట్టించుకోము. రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యంగా ఉన్నవారినే ఏరి తీసుకొన్నారు. ఆరు నెలలపాటు వారికి అవసరమైన దానిలో దాదాపు సగం ఆహారమే ఇచ్చారు.

బరువు తగ్గడం ఊహించినదే. ఊహించనిది వారి మనసులో వచ్చిన మార్పు. నవ్వుతూ తిరిగిన యువకులు చిరాకుపడేవారయ్యారు, దిగులులో మునిగారు, స్నేహితులను దూరం పెట్టారు, పుస్తకం మీద దృష్టి నిలపలేకపోయారు. వంటల పుస్తకాలు సేకరించారు, గంటల తరబడి తిండి గురించే మాట్లాడుకొన్నారు, పళ్ళెంలోని కొద్దిపాటి ఆహారాన్ని ముక్కలు చేసి చాలాసేపు తిన్నారు. ప్రయోగం ముగిసి మళ్ళీ తినడం మొదలుపెట్టాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక అదుపు తప్పి తిన్నారు. వారిలో ఎవరికీ అందం గురించిన చింత లేదు. ఈ మార్పులన్నిటికీ ఆకలే కారణం. ఈ వివరాలు 1950లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి.

కాబట్టి, రాత్రంతా ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తూ తాను మాత్రం ఏమీ తినని అమ్మాయిని, గదిలోని వారందరికీ మ్యాగీ వండిపెట్టి తాను పక్కన కూర్చొనే అబ్బాయిని చూసినప్పుడు అది ఆకలితో ఉన్న మెదడు చేయిస్తున్న పని అని అర్థం చేసుకోవాలి. చదివినది తలకెక్కడం లేదని, ప్రతి మాటకూ ఏడుపు వస్తున్నదని చెప్పే విద్యార్థిని వైద్యుడు మొదట అడగవలసిన ప్రశ్నలలో నిన్న ఏ ఏ పూటలు తిన్నావన్నది ఒకటి. తిండి కుదుటపడకుండా ఎంత కౌన్సెలింగ్ ఇచ్చినా ఆ మాటలు ఆ మెదడుకు అందవు. చికిత్సలో భోజనాన్ని మొదటి మెట్టుగా పెట్టడానికి కారణం ఇదే.

పగలంతా అదుపుగా ఉండి రాత్రి మాత్రం ఆగలేకపోతున్నాను. నాకు మనోబలం లేదా?

పగలంతా కడుపు మాడ్చుకొన్న శరీరం రాత్రి తన బాకీ వసూలు చేసుకొంటుంది. దీనిని మనోబలంతో గెలవాలని చూసిన కొద్దీ మరునాడు మరింత కఠినంగా పస్తు ఉండడం, ఆ రాత్రి మరింతగా అదుపు తప్పడం జరుగుతాయి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన మనోవైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సా పద్ధతిలో మొదట చేయించేది ఇదే: మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, రెండింటి మధ్య నాలుగు గంటలకు మించని విరామం. రాత్రి అదుపు తప్పినా సరే, మరునాటి ఉదయం ఇడ్లీయో ఉప్మాయో మానకూడదు. వినడానికి ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, చేసేవారికి ఎంత భయం కలుగుతుందో మాకు తెలుసు.

ఇది ఆడపిల్లల సమస్య కాదా?

కాదు. ఆడపిల్లలలో ఎక్కువగా బయటపడుతున్న మాట నిజమే కాని, అబ్బాయిలలో దీని రూపం వేరుగా ఉండడం వల్ల ఎవరూ గుర్తించరు. ఎంత కండ పెంచినా ఇంకా బక్కగానే ఉన్నామనుకోవడం, జిమ్ ఒక్కరోజు తప్పినా తట్టుకోలేకపోవడం, కోడిగుడ్డు తెల్లసొన, చికెన్ బ్రెస్ట్, ప్రోటీన్ పౌడరు తప్ప మరేదీ ముట్టకపోవడం, అక్క పెళ్ళిలో కూడా డబ్బా తెరిచి తినడం మెచ్చుకోవలసిన నిష్ఠగా చలామణి అవుతున్నాయి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గుండెను, కాలేయాన్ని, సంతానోత్పత్తి శక్తిని దెబ్బతీయడంతో పాటు కోపాన్ని, దిగులును పెంచుతాయి. వాడినవారు వైద్యుడి దగ్గర ఆ సంగతి దాచకూడదు.

కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు కూడా హానికరమేనా?

ఆరోగ్యవంతులకు కావు. ఉపవాసానికి ఒక తిథి, ఒక ముగింపు, దాని తరువాత అందరూ కలిసి చేసే భోజనం ఉంటాయి. ఆ ముగింపును వాయిదా వేయాలనిపిస్తున్నా, కొత్త కొత్త వారాలు వెతికి మరీ ఉపవాసాలు పెంచుకొంటున్నా, లోపలి ఉద్దేశం బరువు తగ్గడమేనని తమకే తెలుస్తున్నా దానిని భక్తి ఖాతాలో వేయకూడదు. ఈ రుగ్మత నుంచి కోలుకొంటున్నవారు కొంతకాలం ఉపవాసాలు మానడమే క్షేమం. అనారోగ్యంతో ఉన్నవారికి ఇస్లాంలోనూ, హిందూ ఆచారంలోనూ మినహాయింపు ఉంది.

డబ్బు చాలక పూట మానేస్తున్నాను. అది కూడా ఇందులోకి వస్తుందా?

మొదట అది ఆకలి సమస్య, దానికి కావలసింది భోజనం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు, మెస్ బిల్లు బాకీ పడినప్పుడు మొదట తగ్గేది తిండే. అయితే తిండి దొరుకుతుందో లేదో తెలియని స్థితి చాలాకాలం సాగితే, దొరికినప్పుడు అదుపు తప్పి తినడం అలవాటయ్యే ప్రమాదం పెరుగుతుంది. వార్డెన్‌కో, నమ్మకమున్న అధ్యాపకుడికో చెప్పండి. చెప్పడంలో చిన్నతనం ఏమీ లేదు. నగరంలోని అన్న క్యాంటీన్లలో ఒక్కో పూట అయిదు రూపాయలకే టిఫిన్, భోజనం దొరుకుతాయి.

పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల నెలసరి తప్పే అండాశయాల సమస్య) ఉందని, బరువు తగ్గమని డాక్టరు చెప్పారు. ఏం చేయాలి?

పీసీఓడీ ఉన్న యువతులలో డిప్రెషన్, ఆందోళన, అదుపు తప్పి తినడం ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తాయి. అందువల్ల ఉత్త "బరువు తగ్గు" అన్న సలహా కొందరిని పస్తులలోకి నెడుతుంది. మీకు తిండితో ఇబ్బంది ఉందని ఆ డాక్టరుకే చెప్పి, డైటీషియన్ పర్యవేక్షణ కోరండి. నెలసరి ఆగిపోవడానికి పీసీఓడీ ఒక్కటే కారణం కాదు, తిండి చాలకపోయినా ఆగిపోతుంది. మనదేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అటువంటి చోట ఒక ఆహారాన్ని పూర్తిగా మానేయమనే సలహాను ఎవరు ఇచ్చినా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన పరిస్థితులు ఏవి?

సొమ్మసిల్లి పడిపోవడం, గుండె దడ లేదా గుండె లయ తప్పినట్టు అనిపించడం, ఛాతీలో నొప్పి, కండరాలు పట్టేయడం లేదా బలహీనపడడం, వాంతిలో రక్తం, చాలా రోజులుగా దాదాపు ఏమీ తినకపోవడం, చనిపోవాలన్న ఆలోచన. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. వాంతులు, విరేచనాల మందుల వల్ల శరీరంలో పొటాషియం పడిపోయి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. విశాఖ ఉక్కపోతలో చెమట ద్వారా కూడా నీరు, లవణాలు పోతాయి కనుక వేసవిలో మరింత జాగ్రత్త అవసరం. చాలాకాలం పస్తు ఉన్నవారికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం కూడా ప్రమాదమే, ఎందుకంటే రక్తంలో ఫాస్ఫేట్ వంటి లవణాలు హఠాత్తుగా పడిపోతాయి. అటువంటివారికి ఆహారం మళ్ళీ మొదలుపెట్టడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

వాంతి అయిన వెంటనే పళ్ళు తోముకోకండి, నీళ్ళతో పుక్కిలించండి. ఆమ్లంతో మెత్తబడిన ఎనామెల్ బ్రష్‌కు మరింత అరుగుతుంది.

విశాఖపట్నంలో ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ముఖాముఖి మాట్లాడే ధైర్యం లేకపోతే 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల, మహారాణిపేటలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. రెండూ ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైనవే. చినవాల్తేరు ఆసుపత్రి పేరు చెబితే ఊళ్ళో వెక్కిరించే పాత అలవాటు ఒకటి ఉంది. ఆ వెక్కిరింత భయంతో చికిత్సకు దూరమైన వారు ఎందరో. అక్కడ ఓపీ చీటీ రాయించుకొనే వారిలో చాలామంది నిద్ర పట్టనివారు, దిగులుతో ఉన్నవారు, అంటే మన పక్కింటివారే.

నేరుగా మనోవైద్యుడి దగ్గరికే వెళ్ళవలసిన అవసరం కూడా లేదు. క్యాంపస్ డాక్టరు లేదా జనరల్ ఫిజీషియన్ నాడి, రక్తపోటు చూసి, రక్తపరీక్ష, ఈసీజీ చేయించి ముందుకు పంపగలరు. బరువు అంకె చూడడం ఇబ్బందిగా ఉంటే వెనక్కు తిరిగి తూకం మీద నిలబడతానని అడగవచ్చు.

చికిత్స ఎలా ఉంటుంది, మందులు జీవితాంతం వాడాలా?

బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు ఆలోచనలనూ అలవాట్లనూ సరిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది. ఇది సాధారణంగా ఇరవై వారాలపాటు సాగుతుంది. బులీమియాలో ఫ్లుయోక్సెటిన్ అనే మందు తోడ్పడుతుంది. అనోరెక్సియాను నయం చేసే మందు ఏదీ లేదు, అక్కడ ఆహారమే మందు. డిప్రెషన్‌కు వాడే బుప్రోపియాన్ వంటి మందు బులీమియా, అనోరెక్సియా ఉన్నవారిలో ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని పెంచుతుంది కనుక వాంతుల సంగతి, పస్తుల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. జీవితాంతం వాడవలసిన అవసరం చాలామందికి రాదు.

ఇంట్లో తెలిసిపోతుందా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును రోగికి ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండినవారి విషయం వారి అనుమతి లేకుండా వైద్యుడు ఇంటికి చెప్పకూడదు, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలు ఇందుకు మినహాయింపు. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా వర్తించాలని కూడా ఆ చట్టమే చెబుతుంది. అయినా ఇంట్లో ఒక్కరికి, అక్కకో పిన్నికో మేనమామకో, చెప్పుకోగలిగితే దారి తేలికవుతుంది.

నా రూమ్మేట్‌కు ఈ ఇబ్బంది ఉందని అనుమానంగా ఉంది. ఎలా మాట్లాడాలి?

భోజనం ముందు కూర్చున్నప్పుడు కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. శరీరం గురించి ఒక్క మాట కూడా అనకండి. "బాగా తగ్గావు" అన్నది మీకు బెంగగా తోచినా ఆమెకు ప్రశంసగా వినిపిస్తుంది. "నెల రోజులుగా నువ్వు మెస్‌కు రావడం లేదు, రాత్రిళ్ళు ఏడుస్తున్నావు, నాకు బెంగగా ఉంది" అని మీరు చూసినది చెప్పండి. మొదట కాదంటుంది, కోప్పడవచ్చు కూడా. వాదించకుండా, డాక్టరు దగ్గరికి తోడు వస్తానని చెప్పి వదిలేయండి, మళ్ళీ అడగండి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం ఎవరికీ చెప్పనని ఇచ్చిన మాటను పక్కన పెట్టి వార్డెన్‌కు చెప్పాలి.

తల్లిదండ్రులుగా మేము ఏం చేయాలి?

సంక్రాంతికో దసరాకో పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలోనే "ఎంత చిక్కిపోయావే", "బాగా ఒళ్ళు చేశావు", "ఇలా ఉంటే సంబంధం ఎలా కుదురుతుంది" అనే మాటలు మానండి. చుట్టాలు అంటే మీరే అడ్డుకోండి. కొసరి కొసరి వడ్డించడం, తింటానని ఒట్టు వేయించుకోవడం, అలిగి మీరూ తినకపోవడం పిల్లల భయాన్ని పెంచుతాయి. టీవీ కట్టేసి, తిండి గురించి కాక మరేదైనా మాట్లాడుకొంటూ పక్కన కూర్చొని తినండి. ఇది మీ పెంపకంలోని లోపం కాదు. కాని చికిత్సలో మీ పాత్ర చాలా పెద్దది. ముఖ్యంగా ఇరవై ఏళ్ళ లోపువారి అనోరెక్సియాలో, పిల్లలను తినిపించే బాధ్యతను కొంతకాలం తల్లిదండ్రులకే అప్పగించే కుటుంబ చికిత్స మంచి ఫలితాలు ఇస్తున్నది.

కళాశాలల బాధ్యత ఏమీ లేదా?

ఉంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకొంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గాని అంతకంటే ఎక్కువ మంది గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ గాని సైకాలజిస్టు గాని సామాజిక కార్యకర్త గాని కనీసం ఒక్కరైనా ఉండాలన్నది వాటిలో ఒకటి. మీ కళాశాలలో ఆ వ్యక్తి ఎవరో, ఏ గదిలో ఉంటారో అడిగి తెలుసుకొనే హక్కు మీకు ఉంది. దీనికి తోడు, ల్యాబ్ ఉన్న రోజులలో టిఫిన్ వేళను అరగంట పొడిగించడం, ఆలస్యంగా వచ్చేవారికి పళ్ళెం తీసి ఉంచడం, ఫెస్ట్‌లలో బరువు తగ్గే పోటీలు పెట్టకపోవడం ఖర్చు లేని పనులని యాజమాన్యాలకు మా మనవి.

నయమయ్యాక మళ్ళీ వస్తుందా?

కొందరిలో తిరిగి రావచ్చు. సెమిస్టర్ పరీక్షలు, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు, పెళ్ళిచూపులు, ప్రేమ విఫలం కావడం వంటి సమయాలలో పాత అలవాటు తలెత్తుతుంది. పూట మానేయాలన్న మొదటి ఆలోచన వచ్చినప్పుడే చికిత్స చేసిన వైద్యుడిని మళ్ళీ కలిస్తే సరిపోతుంది, మొదటిసారి పట్టినంత కాలం చాలామందికి పట్టదు. ఈ నగరం వదిలి ఉద్యోగానికి వెళ్ళేవారు మందుల చీటీలు, పరీక్షల నివేదికలు వెంట తీసుకువెళ్ళి, కొత్త ఊళ్ళో వైద్యుడిని ముందే చూసుకోవాలి.